తేటనీళ్ళ దడి

కప్పులు ఆరే ఉన్నాయి, మనుషులు ఎనిమిదిమంది, మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకుంటాను, గుమ్మం పక్కన గోడకి ఆనుకుని బూ, నాన్నమ్మని మేము బూ అనే పిలుస్తాం, ఇంట్లో ఎవరు పుట్టినా ఎవరు పోయినా ఆవిడ చోటు అదే, బూ పక్కన కాళ్ళు చాపుకుని మిలా అక్క, ఏడో నెల కాబట్టి ఉన్న ఒక్క మెత్తటి దిండూ అక్కకే దక్కింది, అక్క పక్కన జోనే బావ, ఎదురుగా నాన్న, ఊరి పెద్ద కాబట్టి ఇంత ఉక్కలోనూ చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు, నాన్నకి వీపు తిప్పి కిని అత్త, వంటగదిలో అమ్మ, చాప మధ్యలో పట్నం నుంచి జీపులో వచ్చిన, గుల్లల పరీక్షలు చేసే అలేసి మేడమ్, ఒళ్ళో కాగితాల కట్ట, ఇక నేను, ఎనిమిది, అక్క కడుపులోదాన్ని కలిపితే తొమ్మిది, దానికి కప్పు అక్కర్లేదు, అమ్మా నేనూ తర్వాత తాగుతాం, అంటే ఆరు కప్పులు ఆరుగురికి అచ్చంగా సరిపోయాయి, ఎవరికీ చెప్పుకోలేనంత సంతోషం వేసింది, ఇలాంటి చిన్న లెక్కలు కుదిరినప్పుడు ఈ రోజు బాగానే గడుస్తుందని నాకు నేనే తీర్పు చెప్పుకుంటాను, కానీ ఈ రోజు బాగా గడిచేలా లేదు, మధ్యాహ్నం కాకముందే నాన్న మా నదికి తంబు పెడతాడు, వంపు దగ్గర ఒక గెడ, వంతెన దగ్గర ఒక గెడ, రెండింటికీ కొబ్బరి మట్టలు, ఆ మట్టలు వేలాడినంత కాలం కై గుల్లల కోసం ఎవరూ నీళ్ళలో మునగకూడదు, పెద్దదొర పోయినప్పుడు పెట్టిన తంబు నూరు రాత్రులకే తీసేశారు, ఈసారి ఎన్ని రాత్రులో చెప్పేవాళ్ళు లేరు, అలేసి మేడమ్ ఉత్తరాన్ని బట్టి చూస్తే బూ బతికుండగా కాదు, బహుశా నేను బూ అయ్యేదాకా కాదు.

నిమ్మాకులు వేసి కాచిన టీ పళ్ళెంలో పెట్టుకుని నడుం వంచి తులో తులో అంటూ కూర్చున్నవాళ్ళ మధ్య నుంచి వెళ్తాను, పెద్దవాళ్ళ తలల కంటే ఎత్తున నడుస్తున్నందుకు మన్నించమని ఆ మాట, పుట్టాక నేను అన్నిటికంటే ఎక్కువసార్లు అన్న మాట అదేనేమో, మిగతా మాటలన్నీ డైరీకే, డైరీ బియ్యపు డబ్బాలో ఉంటుంది, బూ అంటోంది, ఏమే ఎండుచేపల దీవి పిల్లా, మీ దీవిలో వాన పడి ఎన్నేళ్ళయింది, నీ ఒళ్ళు తడిసి ఎన్నాళ్ళయింది, అలేసి మేడమ్ కాగితాలు పక్కన పెట్టి, నీ నదిలో మునుగుదామనే వచ్చానే ముసలి దొంగా, నీ గుల్లల లెక్కలు చూశాక ఎండిపోయి ఉండటమే మేలనిపించింది అంటుంది, ఇల్లంతా నవ్వు, వాళ్ళ దీవికీ మా ఊరికీ మూలపురుషుడు ఒక్కడేనట, అందుకని ఒకళ్ళనొకళ్ళు ఎంత మాటన్నా కోపం రాకూడదు, వస్తే అదే తప్పు, అంత చదువుకున్నావిడని బూ ముక్కు మీద వేలు పెట్టి మరీ వెక్కిరిస్తుంటే నాకు ముచ్చటేస్తుంది, నాకూ ఎక్కడో ఒక ఊరితో అలాంటి చుట్టరికం ఉండి నోరు దానంతటదే తెరుచుకుంటే ఎంత బాగుణ్ణు, ఇంతలో కిని అత్త, వసీ, మీ నాన్నని అడుగు, వంతెన దగ్గర గెడ అవతలి ఒడ్డునా ఇవతలి ఒడ్డునా, నాన్న వీపుకీ అత్త వీపుకీ మధ్య జానెడు కూడా ఎడం లేదు, అయినా నేను నాన్న వైపు తిరిగి, నాన్నా, అవతలి ఒడ్డునా ఇవతలి ఒడ్డునా, ఇవతలే అని చెప్పు మీ అత్తకి, అత్తా ఇవతలేనట, ఇవతల పాతితే మా రేవు ఏమైపోవాలో అడుగు మీ నాన్నని, అలేసి మేడమ్ ఇద్దరినీ నన్నూ చూసి, టీ మానేసి ఈ నాటకమే చూస్తాను అంటుంది, ఒక తల్లి కడుపున పుట్టిన అన్నాచెల్లెళ్ళు పెద్దయ్యాక నేరుగా మాట్లాడుకోకూడదు, అది గౌరవం, మధ్యలో నేను, ఏడేళ్ళ వయసు నుంచీ వాళ్ళిద్దరి మధ్య టెలిఫోను తీగని నేనే, రోజుకి నలభై మాటలు నా నోట్లోంచి వెళ్తాయి, ఒక్కటీ నాది కాదు.

నీళ్ళలో మాత్రం వేరు, నీళ్ళ కింద ఎవరూ మాట్లాడరు కాబట్టి అక్కడ సిగ్గుపడే పని లేదు, పొద్దున్నే పొగమంచు ఇంకా నది మీద పడుకుని ఉండగానే కిని అత్తా అమ్మా వెనకింటి ఆడవాళ్ళూ లారీ ట్యూబులు భుజాన వేసుకుని దిగుతారు, ట్యూబు మధ్యలో బకెట్టు, బకెట్టు తాడు నడుముకి, కళ్ళద్దాలకి ఉమ్మి రాసి పెట్టుకుంటారు, మెడలోతు నీళ్ళలో నిలబడి కాలి వేళ్ళతో ఇసుక వెతకడం, అది నాకు బూ నేర్పింది, రాయి చల్లగా ఉంటుంది, కై మొండిగా ఉంటుంది, వేలికి తగలగానే తెలుస్తుంది అంది, నిజంగానే తెలుస్తుంది, తెలియగానే మునగాలి, చెవుల్లో నది నిండిపోతుంది, చెయ్యి ఇసుకలోకి, నల్లటి గుండ్రటి చిప్ప అరచేతిలోకి, పైకి రాగానే ఆడవాళ్ళ గోల ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్ళీ వినబడుతుంది, ఎవరి మొగుడు మత్తెక్కించే యంగోనా వేరు రసం తాగి చర్చి మెట్ల మీద నిద్రపోయాడో, ఎవరి కోడలు ఉప్పు వెయ్యకుండా చేమాకు వండిందో, కిని అత్త నవ్వితే ట్యూబు తిరగబడి బకెట్టు మునిగి గుల్లలన్నీ మళ్ళీ నదిలోకే పోతాయి, అందరూ తిడుతూ నవ్వుతూ మళ్ళీ మునుగుతారు, మూడు వారాలైంది ఆ గోల లేక, ఉత్తరం వచ్చినప్పటి నుంచీ ట్యూబులు ఇంటి వెనక ఆరబెట్టిన బట్టల కింద పడున్నాయి, పొద్దున్నే లేచి ఆడవాళ్ళు ఏం చెయ్యాలో తెలియక వాకిళ్ళు రెండుసార్లు ఊడుస్తున్నారు, బూ రేవుకి వెళ్ళి కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుని వస్తోంది, కిందికి దిగడం లేదు, వేళ్ళు మాత్రం ఇసుకలో కదుపుతోంది, నేను చూశాను, చూసి డైరీలో రాశాను.

ఆ ఉత్తరం ఇంగ్లీషులో ఉంటే చదివి చెప్పింది నేనే, అది కూడా వేరేవాళ్ళ మాటే, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు ఈ వంపులోని కై గుల్లలు అసలు తినకూడదు, మిగతావాళ్ళు నెలకి ఒక్కసారి మించకూడదు, పాత ట్రాన్స్‌ఫార్మర్లలో పోసే నూనెలో ఉండే రసాయనం, పేరు పీసీబీ, ఎండకీ వానకీ చావదు, ఉడికించినా పోదు, మట్టిలో కూర్చుంటుంది, కొవ్వులో చేరుతుంది, నేను ఒక్కొక్క వాక్యం చెబుతుంటే మిలా అక్క చెయ్యి తనంతట తనే కడుపు మీదికి వెళ్ళింది, బూ మొహం నల్లబడింది, ఎందుకంటే అక్క పట్నంలో కాపురం పెట్టినప్పటి నుంచీ ప్రతి శనివారం బస్సు డ్రైవరు చేత పిండి సంచీలో కై గుల్లలు పంపేది బూనే, కై పులుసు తాగితే పాలు పడతాయి, బిడ్డ ఎముక గట్టిపడుతుంది అని, అప్పుడు అక్క నేల వైపు చూస్తూ, బూ, తిట్టకు, నెల తప్పిన దగ్గర్నుంచీ ఆ వాసన వస్తే చాలు కక్కుకుంటున్నాను, ఒక్కటీ తినలేదు, అంతా ఈయనే తిన్నాడు అంది, అందరూ జోనే బావ వైపు తిరిగారు, బావ పొట్ట వైపు తిరిగారు, కిని అత్త, ఇంతకీ మీ ఇద్దరిలో నెలలు నిండినది ఎవరికి అంది, ఏడుస్తున్న అక్క నవ్వింది, బూ ఆ రాత్రి ప్రార్థనలో కడుపులోదానికి విడిగా దణ్ణం పెట్టింది, మా అందరికంటే నీకే బుద్ధి ఎక్కువ తల్లీ అని, మగబిడ్డో ఆడబిడ్డో తెలియకముందే తల్లీ అనేసింది.

ఇప్పుడు అదే బావ టీ కప్పు పట్టుకుని గొంతు సవరించుకుని, మేడమ్, ఆరు నెలల పాటు శనివారం శనివారం తిన్నవాడు ఎన్నాళ్ళు బతుకుతాడు అని అడుగుతున్నాడు, అలేసి మేడమ్ నవ్వకుండా, కొన్ని నెలలు తిన్నంత మాత్రాన నీకు ఇవాళ రేపు ఏమీ అయిపోదు, ఇది ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా ఒంట్లో పేరుకునే సంగతి, కడుపులో ఉన్న పిల్లలకీ పాలు తాగే పిల్లలకీ మాత్రం కొంచెమే ఎక్కువ, అందుకే అంత గట్టిగా రాశాం, నువ్వు ఇక మానెయ్, చాలు, ఆ పొట్ట మాత్రం గుల్లల తప్పు కాదు, అది నీ సొంతం అంటుంది, బావ తేలికపడి రెండో బన్ను తీసుకుంటాడు, నేను ఖాళీ కప్పులు ఏరుకుంటున్నాను, నాన్న ఒకటి, అత్త రెండు, అలేసి మేడమ్ అక్కకి చెబుతోంది, కై చేపలాగా తిరిగేది కాదమ్మా, కూర్చున్న చోటే కూర్చుని రోజంతా నీళ్ళు తాగి వదులుతుంది, నెలల తరబడి ఏ నీళ్ళలో కూర్చుంటే ఆ నీళ్ళ కథంతా దాని కొవ్వులో ఉంటుంది, నాకు అర్థం కానిదల్లా ఒక్కటే, పైన ఉన్న మూడు ఊళ్ళ గుల్లల్లో ఇది లేదు, మీ వంపులోనే ఇంత ఉంది, వంపుకి ఎగువన ఎక్కడైనా పాత కరెంటు సామాను పడి ఉందా పెద్దాయనా, నాన్న ఆలోచించి, ఎగువన ఏమీ లేదు, దిగువన పక్కపాయలో మూతపడిన రంపపు మిల్లు ఉంది, దాని కరెంటు కొట్టు గాలివానకి కూలి ట్రాన్స్‌ఫార్మరుతో సహా ఒరిగిపోయింది, నా చిన్నప్పుడు నీళ్ళ మీద రంగురంగుల తెట్టు తేలేది, అయినా ఆ పాయ నీళ్ళు కిందికే పోతాయి, పైకి రావు, ఆడవాళ్ళు అక్కడ మునగరు కూడా, అంతా లోతు బురద అన్నాడు, దిగువనైతే కాదులెండి అని అలేసి మేడమ్ కాగితం తిప్పింది, నేను మూడో కప్పు అందుకుంటున్నాను, అక్కడ మునగరు, నిజమే, ఎవరూ మునగరు, కానీ బూ దడి ఉంది అక్కడే, నాలుగేళ్ళ కిందటి వరదలో నదిలో ఉన్న పాత దడి కొట్టుకుపోతే బూ వెతికి వెతికి ఆ పాయలో వెదురు గుచ్చి కొత్త దడి కట్టింది, పారీ పారని నీళ్ళు, మన్నంతా అడుక్కి దిగి పైన అద్దంలా ఉంటుంది, మొహం చూసి తల దువ్వుకోవచ్చు, అమ్ముడుపోని గుల్లలు, విందులకి దాచే పెద్ద గుల్లలు అన్నీ ఆ దడిలోనే, ఇసుక కక్కి శుభ్రపడతాయని, సంతలో బూ బుట్ట దగ్గర అరుపు కూడా అదే, పంటి కింద ఇసుక తగిలితే డబ్బు వాపసు, తేటనీళ్ళ గుల్లలు, తేటనీళ్ళ గుల్లలు, మూడో కప్పు నా చేతిలోంచి జారి చాప మీద పడింది, పగల్లేదు, దొర్లుకుంటూ బూ కాలికి తగిలి ఆగింది.

వంటగదిలోకి ఎలా వచ్చానో తెలియదు, బియ్యపు డబ్బాలో చెయ్యి పెట్టి డైరీ తీస్తుంటే చేతికి అంటిన బియ్యం గింజలు పేజీల మీద రాలుతున్నాయి, అలేసి మేడమ్ మొదటిసారి వచ్చిన రోజు, ఆ రోజు నది ఎర్రగా పొంగి ఉంది, ఎవరూ దిగే వీల్లేదు, మీ నది కై ఓ ఇరవై ఇవ్వండి అని ఆవిడ అడిగింది, చుట్టమై వచ్చిన మనిషి నోరు తెరిచి అడిగింది, బూ ఊరుకుంటుందా, నా వీపు తట్టి పాయకి తీసుకెళ్ళి దడిలోంచి ఇరవై ఏరింది, అరచేయంత పెద్దవి, అక్క తొలికాన్పు విందుకని మూడు నెలలుగా దాచినవి, చిన్నవి ఏరబోతే నా చేతి మీద కొట్టి, చుట్టానికి చిన్నవిస్తే ఊరి పరువేం కావాలి, చిన్నవి మనం తినడానికి అంది, నిజమే, మేము ఎప్పుడూ ఏ రోజుకారోజు నదిలో ఏరిన చిన్నవే తింటాం, సంచీకి కట్టే చీటీ మీద ఎక్కడ తీశారు అని ఉంటే, నది వంపు అని రాయవే, ఇంకెక్కడ తీస్తాం అంది బూ, ఊళ్ళో నా చేతిరాతే బాగుంటుందని నాచేత రాయించింది, గుండ్రంగా రాశాను, ఆ సాయంత్రం డైరీలో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాశాను, ఈ రోజు బూ పాయలోని దడిలోంచి ఇరవై పెద్ద గుల్లలు పట్నం చుట్టానికి ఇచ్చింది, ఆవిడ వాటిని మంచుపెట్టెలో పెట్టుకుంది, వండుకుని తింటుందనుకుంటా, తేదీతో సహా ఉంది, అంటే నది సంగతి ఎవరూ చూడనే లేదు, చూసింది బూ దడిని, అంటే తప్పు నది మీద నేను నా గుండ్రటి అక్షరాలతో వేశాను, ఇది చెబితే బూ పరువు, చెప్పకపోతే నది, బయట పందిట్లో యంగోనా కలుపుతున్న చప్పుడు, జీపు దగ్గర నాన్న గొంతు, అలేసి మేడమ్ గొంతు, అందరూ పందిరి కిందికి వెళ్తున్నారు, మూడు గిన్నెలు తిరిగాక నాన్న లేచి తంబు మాట పలుకుతాడు, యంగోనా సాక్షిగా పలికిన మాటని పెద్దలంతా మళ్ళీ కూర్చునేదాకా వెనక్కి తీసుకోవడం ఉండదు, అమ్మ ఎప్పుడో బన్నుల పళ్ళెం పట్టుకుని వెళ్ళిపోయింది, గుమ్మంలో నీడ పడింది, బూ, చేతిలో ఆ పడిపోయిన కప్పు.

కప్పు పారేసుకుని డబ్బాలో బియ్యం తింటున్నావా అంది, నేను పేజీ చూపించాను, బూ కళ్ళద్దాల కోసం తల తడుముకుంది, అవి తల మీదే ఉన్నాయి, పెట్టుకుని చదివింది, వేలు పెట్టి ఒక్కో మాటా, దడి అన్న మాట దగ్గర వేలు ఆగింది, బయట చప్పట్లు మూడు, మొదటి గిన్నె తాగినట్టు, బూ వేలు కదలడం లేదు, తేటనీళ్ళు అంది బూ, గొంతు చాలా చిన్నగా, అంత తేటగా ఉన్నాయని మురిసిపోయానే, బురదనీళ్ళని తిట్టి అద్దం లాంటి నీళ్ళలో పెట్టానే, ఏడుస్తుందేమోనని నేను చెయ్యి చాపాను, కానీ బూ భుజాలు కదులుతున్నాయి, ఏడుపు కాదు, నవ్వు, కడుపులోంచి పైకి పైకి వస్తున్న నవ్వు, గోడ పట్టుకుంది, అంటే వసీ, ఆ ఎండుచేపల దీవి పిల్లకి చిన్న గుల్లలు ఇచ్చి ఉంటే మన నదికి ఏమీ అయ్యేది కాదంటావా, దానికి మర్యాద చేసినందుకా ఇదంతా, ఇకమీద ఆ దీవి నుంచి ఎవరొచ్చినా ఉత్త నీళ్ళు కూడా ఇవ్వను, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది, తుడుచుకున్నాక మొహం వేరేగా ఉంది, నదిలోవి బాగున్నాయో లేదో ఇంకా ఎవరికీ తెలియదు, అవునా, అవును బూ, మళ్ళీ ఏరి పంపితే తెలుస్తుంది, పైన ఊళ్ళవి బాగానే ఉన్నాయంది మేడమ్, కానీ ఆ దడి మాత్రం ఈ రోజే పీకాలి, దాంట్లోవి ఒక్కటి కూడా ఎవరి నోట్లోకీ పోకూడదు అంది బూ, అవును బూ, సంతలో కొన్నవాళ్ళు, అని నేను ఆగిపోయాను, బూ తల ఊపింది, అది నా వంతు, రేపు శనివారం, తేటనీళ్ళ గుల్లలని అరిచిన చోటే నిలబడి ఆ నోటితోనే చెబుతాను, తిట్టేవాళ్ళు తిడతారు, అరవై ఎనిమిదేళ్ళు తిట్టినదాన్ని ఒక రోజు తిట్టించుకుంటే ఏం పోయింది, మరి ఇక్కడ నువ్వు చెప్పు, నేనా, బయట మళ్ళీ చప్పట్లు, రెండో గిన్నె, బూ, నువ్వే చెప్పు బూ, నేను నీ వెనక నిలబడతాను అన్నాను, నేను చెబితే ఏమంటారో తెలుసా అంది బూ, ముసలిదానికి గుల్లలు అమ్ముకోవాలని ఉంది, తంబు తప్పించుకోవడానికి కథ అల్లింది అంటారు, చీటీ రాసింది నువ్వు, తేదీ రాసింది నువ్వు, చూసింది చూసినట్టు పెట్టుకున్నది ఈ ఇంట్లో నువ్వొక్కదానివే, కిని అత్త చేత చెప్పించు బూ, కిని చెబితే మీ నాన్నకి వినబడదే, మధ్యలో తీగ కావాలి, ఆ తీగ నువ్వేగా, చుట్టూ తిరిగి నీ దగ్గరికే వస్తుంది, పద.

డైరీ నా గుండెకి ఆనించి రెండు చేతులూ దాని మీద మడిచి పెట్టింది, చిన్నప్పుడు బడికి మొదటిరోజు పలక ఇలాగే పెట్టింది, వీపు మీద అరచెయ్యి, వాకిలి, గడప, నేను గడప దాటి మెట్టు మీద నిలబడ్డాను, పందిట్లో అందరి వీపులే కనబడుతున్నాయి, నాన్న వీపు, జోనే బావ వీపు, పెద్దల నెరిసిన తలలు, ఆ చివర ఆడవాళ్ళు, కిని అత్త, మిలా అక్క, వాళ్ళ మధ్య పీట వేసుకుని అలేసి మేడమ్, నేను వెంటనే వెనక్కి తిరిగాను, బూ, ఒక్క నిమిషం, నీళ్ళు తాగి వస్తాను, బూ తలుపు మీద చెయ్యి వేసింది, మా ఇంటి తలుపు మూయగా నేను ఎప్పుడూ చూడలేదు, మా ఊళ్ళో పగటిపూట తలుపు మూస్తే లోపల ఎవరో అలిగారనుకుంటారు, పైగా అది వరదలో నాని ఉబ్బిపోయింది, దాని వెనక నాలుగేళ్ళుగా పిండి డబ్బా, చాపల చుట్టలు, తాతయ్య పాత బూట్లు, బూ అవన్నీ కాలితో ఒక్కొక్కటే తోస్తోంది, డబ్బా దొర్లింది, బూట్లు దొర్లాయి, తలుపు నేల మీద గీరుకుంటూ కదలడం మొదలుపెట్టింది, ఆ కీచుమన్న చప్పుడుకి పందిట్లో మొదట కిని అత్త తిరిగింది, తర్వాత అక్క, తర్వాత ఒక్కొక్క తలా, నాన్న కూడా, మూడో గిన్నె ఎత్తబోతున్న చెయ్యి గాల్లోనే ఆగింది, వసీ, ఏమైందో బూని అడుగు అని నాన్న, అలవాటు కొద్దీ, నేను అడగలేదు, ఎందుకంటే అడగడానికి వెనక జానెడు సందే మిగిలింది, ఆ సందులో బూ ఒక కన్ను, ఒక బుగ్గ, సగం నవ్వు, కాళ్ళ కింద మెట్టు మీద ఇసుక, పొద్దున బూ రేవు నుంచి తెచ్చిన ఇసుక, కాలి బొటనవేలు దాంట్లో దానంతటదే వెతుక్కుంటోంది, రాయి చల్లగా ఉంటుంది, కై మొండిగా ఉంటుంది, తెలియగానే మునగాలి, నాకు తెలిసింది, ఏడేళ్ళ వయసు నుంచీ ఈ ఇంట్లో ఇటు నుంచి అటు మోసిన మాటల్లో దేనికీ బరువు లేదు, అవి నావి కావు కాబట్టే లేదు, దీనికి ఉంది, కానీ ఇది భయం బరువు కాదు, బకెట్టు నిండినప్పుడు నడుముకి కట్టిన తాడు లాగే బరువు, అప్పుడు ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు, పందిట్లో నలభై మొహాలు నా వైపే ఉన్నాయి, నేను నడుం వంచలేదు, తులో అనలేదు, నాన్నా, ఆ గిన్నె కింద పెట్టు, నాది ఒక మాట ఉంది అన్నాను, నా గొంతు నాకే కొత్తగా, నీళ్ళలోంచి పైకి వచ్చాక మొదట వినబడే గొంతులాగా వినబడింది, కిని అత్త రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది, అలేసి మేడమ్ కాగితాలు పక్కన పెట్టింది, వెనక బూ భుజంతో ఒక్క తోపు తోసింది, తలుపు పూర్తిగా మూసుకుంది.